త్రికోణమితి సర్వసమీకరణాలు: ఉపపత్తి సంప్రదాయం - నిరూపణ భాష

వ్యాససంగ్రహం

ఉన్నత పాఠశాల విద్యార్థి సోపానక్రమంలో నిరూపించే ప్రాథమిక త్రికోణమితి సర్వసమీకరణాలు భారతీయ జ్యోతిర్గణితంలో విల్లు, అల్లెత్రాడు, బాణం, నీడ అనే మాటల్లో రూపుదిద్దుకున్నాయి. ఆర్యభటుని జ్యాపట్టిక, ఆర్యభటీయం గణితపాదంలోని 17వ శ్లోకం, శంకుచ్ఛాయా గణితం, వరాహమిహిరుని అర్ధచాప సూత్రం, మాధవుని పరస్పర న్యాయం ఆధారంగా ఆ సర్వసమీకరణాల ఉపపత్తులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లెక్కను సరిచూడడానికీ నిరూపించడానికీ మధ్య ఉన్న భేదాన్ని వివరించి, నిరూపణను గద్యప్రక్రియగా గుర్తించవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సర్వసమీకరణం, జ్యా, కోటిజ్యా, శరం, ఉపపత్తి, యుక్తిభాష, నిరూపణ గద్యం.

1. ఉపోద్ఘాతం

సమీకరణం, సర్వసమీకరణం అనే రెండు పారిభాషిక పదాల మధ్య ఉన్న తేడా ‘సర్వ’ అనే పూర్వపదంలో ఉంది. సమీకరణం కొన్ని విలువలకు మాత్రమే నిలుస్తుంది. సర్వసమీకరణం, దానిలోని పదాలకు అర్థం ఉన్నంతమేర, అన్ని విలువలకూ నిలుస్తుంది. సైన్ వర్గానికి కొసైన్ వర్గాన్ని కలిపితే ఒకటి వస్తుందన్నది ఈ రెండో కోవకు చెందిన వాక్యం. 30 డిగ్రీల కోణానికి ఆ మొత్తం ఒకటి అయిందని లెక్కకట్టి చూపినంత మాత్రాన ‘సర్వ’ అనే మాట సార్థకం కాదు. వేయి కోణాలకు లెక్కకట్టినా మిగిలిన కోణాల మాట మిగిలే ఉంటుంది. అన్నింటికీ ఒకేసారి సమాధానం చెప్పగలిగే హేతువును చూపడమే నిరూపణ.

ఈ హేతువును చెప్పే పద్ధతికి చరిత్ర ఉంది. నేటి పాఠ్యపుస్తకంలో అది గుర్తుల వరుస. ఎడమపక్షంతో మొదలై, ఒక్కొక్క పంక్తి మారుతూ, కుడిపక్షం దగ్గర ఆగుతుంది. భారతీయ గణిత గ్రంథాల్లో అదే హేతువు శ్లోకంగా కాక వ్యాఖ్యానంగా, గురుశిష్యుల సంభాషణగా, కేరళలో మాతృభాషా గద్యంగా కనిపిస్తుంది. సూత్రం ఎక్కడ చెప్పారు, హేతువు ఎక్కడ చెప్పారు, ఏ భాషలో చెప్పారు అన్న ప్రశ్నలు గణిత చరిత్రకు ఎంత ముఖ్యమో గద్యచరిత్రకూ అంతే ముఖ్యం. ఈ దృష్టితో కొన్ని ప్రాథమిక సర్వసమీకరణాలను వాటి మూలస్థానాల్లో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విల్లు, అల్లెత్రాడు, బాణం

వృత్తంలో ఒక ఖండాన్ని చూస్తే అది వంచిన విల్లులా ఉంటుంది. అందుకే వృత్తఖండానికి ‘చాపం’ అనీ, దాని రెండు కొనలను కలిపే సరళరేఖకు ‘జ్యా’ లేదా ‘జీవ’, అంటే అల్లెత్రాడు అనీ, చాపం నడిమి నుంచి అల్లెత్రాటి నడిమికి ఉండే దూరానికి ‘శరం’ అనీ పేర్లు వచ్చాయి. క్రీ.శ. రెండో శతాబ్దంలో టోలెమీ తన ‘అల్మాజెస్ట్’లో పూర్తి అల్లెత్రాటి పొడవులను పట్టికగా ఇచ్చాడు. ఆయన తీసుకున్న వ్యాసార్ధం 60. భారతీయ సిద్ధాంతకర్తలు పూర్ణజ్యకు బదులు దానిలో సగాన్ని, అంటే అర్ధజ్యను గణితానికి ఆధారం చేసుకున్నారు. వాడుకలో ‘అర్ధ’ అనే మాట జారిపోయి ‘జ్యా’ అంటేనే అర్ధజ్య అన్న అర్థం స్థిరపడింది.

అర్ధజ్యను ఎన్నుకోవడం వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. వృత్తకేంద్రం నుంచి చాపం కొనకు గీసిన వ్యాసార్ధం, అర్ధజ్య, కేంద్రం నుంచి అర్ధజ్య పాదం వరకు ఉండే దూరం కలిసి ఒక లంబకోణ త్రిభుజం అవుతాయి. ఆ మూడో భుజమే కోటిజ్య. ఇందులో వ్యాసార్ధం కర్ణం. దీనితో త్రికోణమితి మొత్తానికి ఒకే త్రిభుజం పునాదిగా నిలిచింది. వ్యాసార్ధం నుంచి కోటిజ్యను తీసివేస్తే మిగిలేది శరం. దానికే ఉత్క్రమజ్య అని మరో పేరు.

‘జీవ’ అనే మాట అరబ్బీలో ‘జీబ’గా మారింది. అచ్చులు రాయని ఆ లిపిలో దాన్ని ‘జైబ్’ అని చదివే వీలుంది. ఆ మాటకు అరబ్బీలో వస్త్రపు మడత, ఒడి అన్న అర్థాలున్నాయి. 12వ శతాబ్దపు లాటిన్ అనువాదకులు ఆ అర్థాన్నే గ్రహించి ‘సైనస్’ అన్నారు. పూరక చాపపు సైన్ అన్న భావంతో ఎడ్మండ్ గంటర్ 1620లో వాడిన సంక్షేపం నుంచి ‘కొసైన్’ స్థిరపడింది. తెలుగు పాఠ్యపుస్తకంలోని ‘సైన్’ అన్యదేశ్యంగా కనిపించినా, అది దేశాలు తిరిగి రూపం మార్చుకొని వచ్చిన ‘జీవ’ శబ్దమే.

3. పట్టిక సాక్ష్యం, దాని పరిమితి

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం గీతికాపాదంలో 24 జ్యాభేదాలు ఉన్నాయి. వృత్తపరిధిని 21600 కలలుగా విభజిస్తే పాదవృత్తానికి 5400 కలలు. దాన్ని 24 భాగాలు చేస్తే ఒక్కొక్కటి 225 కలలు, అంటే 3 డిగ్రీల 45 నిమిషాలు. భేదాలు 225, 224, 222, 219 అని మొదలై 37, 22, 7 అని ముగుస్తాయి. అన్నింటినీ కలిపితే 3438 వస్తుంది. అదే కలల్లో చెప్పిన వ్యాసార్ధం.

మొదటి ఎనిమిది భేదాల మొత్తం 1719. అది 30 డిగ్రీల జ్యా. వ్యాసార్ధంలో సరిగ్గా సగం. పదహారు భేదాల మొత్తం 2978. అది 60 డిగ్రీల జ్యా, కనుక 30 డిగ్రీలకు కోటిజ్య. ఈ రెండింటి వర్గాలు కలిపితే వ్యాసార్ధ వర్గం రావాలి. 1719 వర్గం 2954961, 2978 వర్గం 8868484, మొత్తం 11823445. వ్యాసార్ధ వర్గం 11819844. తేడా 3601. పన్నెండో జ్యా 2431తో, అంటే 45 డిగ్రీలతో ఇదే పరీక్ష చేస్తే తేడా 322 మాత్రమే.

ఈ తేడాలను బట్టి సర్వసమీకరణం తప్పని ఎవరూ అనరు. పట్టికలోని సంఖ్యలు పూర్ణసంఖ్యలకు సవరించినవి కనుక తేడా వచ్చిందని అంటారు. 60 డిగ్రీల జ్యకు అసలు విలువ 2977.4కు దగ్గరగా ఉంటుంది. పూర్ణసంఖ్యగా సవరిస్తే 2977 రావలసిన చోట పట్టికలో 2978 ఉంది. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. పట్టిక సర్వసమీకరణానికి సాక్ష్యం చెప్పలేదు. సర్వసమీకరణమే పట్టికలోని సంఖ్యను పరీక్షించింది. ఆ అధికారం దానికి ఎక్కడి నుంచి వచ్చింది? సంఖ్యల నుంచి కాదు, త్రిభుజం నుంచి. పదహారో సంఖ్యకన్నా భుజాకోటికర్ణ న్యాయం మీద గణితజ్ఞుడికి ఎక్కువ నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకానికి ఆధారం ఉపపత్తి.

4. ఒక శ్లోకంలో రెండు న్యాయాలు

ఆర్యభటీయం గణితపాదంలోని 17వ శ్లోకం రెండు విషయాలు చెబుతుంది. మొదటి సగంలో భుజావర్గం, కోటివర్గం కలిస్తే కర్ణవర్గం అన్న న్యాయం ఉంది. రెండో సగంలో వృత్తంలోని రెండు శరాల లబ్ధం అర్ధజ్యా వర్గానికి సమానం అన్న న్యాయం ఉంది. రెండు శరాలంటే, అర్ధజ్య పాదం వ్యాసాన్ని చీల్చిన రెండు ముక్కలు. ఒకటి వ్యాసార్ధంలోంచి కోటిజ్య పోగా మిగిలినది, రెండోది వ్యాసార్ధానికి కోటిజ్య కలిపినది. నేటి భాషలో మొదటిది సైన్ వర్గం, కొసైన్ వర్గాల మొత్తం ఒకటి అన్న సర్వసమీకరణం. రెండోది, ఒకటిలోంచి కొసైన్ తీసివేసిన రాశిని, ఒకటికి కొసైన్ కలిపిన రాశితో గుణిస్తే సైన్ వర్గం వస్తుందన్న సర్వసమీకరణం.

శ్లోకం రెండింటినీ పక్కపక్కన ఉంచింది. వాటి మధ్య సంబంధాన్ని చెప్పలేదు. చెప్పవలసిన బాధ్యత వ్యాఖ్యాతకూ గురువుకూ చెందింది. ఆ సంబంధాన్ని సోపానక్రమంలో ఇలా చూపవచ్చు.

మొదటి సోపానం: వ్యాసార్ధ వర్గంలోంచి కోటిజ్యా వర్గాన్ని తీసివేస్తే జ్యావర్గం మిగులుతుంది. దీనికి హేతువు భుజాకోటికర్ణ న్యాయం.

రెండో సోపానం: రెండు రాశుల వర్గభేదం, ఆ రాశుల మొత్తాన్ని వాటి భేదంతో గుణించిన దానికి సమానం. దీనికి హేతువు బీజగణితం. ఇక్కడ పటంతో పనిలేదు.

మూడో సోపానం: వ్యాసార్ధ కోటిజ్యల భేదం చిన్న శరం, వాటి మొత్తం పెద్ద శరం. దీనికి హేతువు వృత్తంలో ఆ రేఖలున్న స్థానం.

కాబట్టి రెండు శరాల లబ్ధం జ్యావర్గం.

మూడు సోపానాలకు మూడు వేర్వేరు హేతువులు ఉన్నాయి. గుర్తులతో రాసినప్పుడు మూడూ ఒకే రకం పంక్తులుగా కనిపిస్తాయి. మాటల్లో చెప్పినప్పుడు, ఏ అడుగు దేని మీద ఆనిందో తెలుస్తుంది.

క్రీ.శ. 629లో ఆర్యభటీయానికి భాష్యం రాసిన మొదటి భాస్కరుడు ఈ శ్లోకం కింద డేగ-ఎలుక, కొంగ-చేప వంటి ఉదాహరణలు ఇచ్చాడు. గోడ మీది డేగ, కలుగుకు దూరంగా తిరుగుతున్న ఎలుక, రెండింటి నడకలను వృత్తంలో జ్యగా, శరంగా, వ్యాసార్ధంగా అమర్చి లెక్క చేస్తాడు. వృత్తం లేని చోట వృత్తాన్ని చూడడం నేర్పే బోధన పద్ధతి అది.

తరగతిలో తరచుగా అడిగే మరో సమస్య ఈ న్యాయం నుంచే పుడుతుంది. సైన్‌ను, ఒకటిలోంచి కొసైన్ తీసివేసిన రాశితో భాగిస్తే వచ్చేదీ, ఒకటికి కొసైన్ కలిపిన రాశిని సైన్‌తో భాగిస్తే వచ్చేదీ సమానమని చూపాలి. చాలామంది విద్యార్థులు రెండు పక్షాలనూ సమానమని ముందే రాసుకొని అడ్డగుణకారం చేసి, తెలిసిన సర్వసమీకరణం వచ్చింది కనుక నిరూపించామంటారు. సాధించవలసినదాన్ని ముందే ఒప్పుకోవడం అది. సరైన దారి తిరుగుదారి. రెండు శరాల లబ్ధం జ్యావర్గం అన్న సిద్ధవాక్యంతో మొదలుపెట్టాలి. రెండు పక్కలా చిన్న శరంతోనూ జ్యతోనూ భాగించాలి. భాగించే ముందు ఆ రెండూ శూన్యం కావని చెప్పాలి. చాపమే లేనప్పుడు జ్యా లేదు, శరమూ లేదు. అక్కడ ఈ వాక్యానికి అర్థం లేదు. ‘సర్వ’ శబ్దానికి ఉన్న హద్దును నిరూపణలోని ఈ అడుగు గుర్తుచేస్తుంది.

5. నీడలోని సర్వసమీకరణం

సిద్ధాంత గ్రంథాల్లో త్రిప్రశ్నాధికారం దిక్కు, దేశం, కాలాలను నీడను బట్టి నిర్ణయించే భాగం. దాని సాధనం 12 అంగుళాల శంకువు. నేటి తెలుగు గణితంలో శంకువు ఘనాకృతి పేరు, అంగుళం విదేశీ కొలతకు పర్యాయపదం. ఇక్కడ శంకువు నేల మీద నిలువుగా పాతిన కొయ్య, అంగుళం వేలి వెడల్పు. శంకువు కొన నుంచి నీడ కొనకు ఉండే దూరాన్ని ఛాయాకర్ణం అంటారు.

శంకువు, నీడ, ఛాయాకర్ణం కలిసి లంబకోణ త్రిభుజం. నీడ 5 అంగుళాలైతే ఛాయాకర్ణం 13, నీడ 9 అయితే 15, నీడ 16 అయితే 20. ప్రతిసారీ ఛాయాకర్ణ వర్గంలోంచి నీడ వర్గాన్ని తీసివేస్తే 144 మిగులుతుంది. సూర్యుడు కదులుతున్నాడు, నీడ మారుతోంది, కర్ణమూ మారుతోంది. వర్గభేదం మాత్రం మారదు. దానికి హేతువు, శంకువు మారకపోవడమే.

ఈ వాక్యాన్ని 144తో భాగిస్తే నేటి సర్వసమీకరణం వస్తుంది. క్షితిజం నుంచి సూర్యునికి ఉన్న ఎత్తును కోణంగా తీసుకుంటే, ఛాయాకర్ణాన్ని శంకువుతో భాగించినది కొసీకెంట్, నీడను శంకువుతో భాగించినది కొటాంజెంట్. కొసీకెంట్ వర్గంలోంచి కొటాంజెంట్ వర్గం పోతే ఒకటి. తల పైని బిందువు నుంచి సూర్యుని దూరాన్ని కోణంగా తీసుకుంటే అదే త్రిభుజంలో సీకెంట్ వర్గంలోంచి టాంజెంట్ వర్గం పోతే ఒకటి. రెండు సర్వసమీకరణాలుగా కంఠస్థం చేసేవి ఒకే నీడను రెండు వైపుల నుంచి చూసిన రూపాలు. సిద్ధాంతకర్తలు ఈ నిష్పత్తులకు ప్రత్యేకమైన పేర్లు పెట్టలేదు. నీడతోనే లెక్క నడిపారు. టాంజెంట్, సీకెంట్ అనే పేర్లు 1583లో థామస్ ఫింకె గ్రంథంతో యూరప్‌లో వాడుకలోకి వచ్చాయి.

మొదటి సర్వసమీకరణాన్ని కొసైన్ వర్గంతో భాగించి సీకెంట్-టాంజెంట్ రూపాన్ని రాబట్టడం పాఠ్యపుస్తక పద్ధతి. 90 డిగ్రీల దగ్గర కొసైన్ శూన్యం కనుక ఆ భాగహారం అక్కడ చెల్లదు. ఈ నిషేధం విద్యార్థికి శాసనంలా వినిపిస్తుంది. నీడ ముందు అదే నిషేధం కంటికి కనిపించే విషయం. సూర్యబింబం సరిగ్గా క్షితిజం మీద ఉన్నప్పుడు శంకువు నీడకు కొన లేదు, కనుక ఛాయాకర్ణమూ లేదు.

6. అర్ధచాపం: అడుగు వెంట అడుగు

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు పంచసిద్ధాంతిక నాలుగో అధ్యాయంలో వ్యాసార్ధాన్ని 120గా తీసుకొని జ్యలను సాధించే న్యాయాలు చెప్పాడు. వాటిలో ఒకటి, తెలిసిన చాపం నుంచి దాని సగానికి జ్యను రాబట్టే న్యాయం. ఒకటిలోంచి రెట్టింపు కోణపు కొసైన్ తీసివేసి సగం చేస్తే సైన్ వర్గం వస్తుందన్న నేటి సర్వసమీకరణం ఇదే. దీని ఉపపత్తి నాలుగు అడుగులది.

వృత్తంలో ఒక చాపం తీసుకొని దాని ఒక కొన నుంచి, రెండో కొన గుండా పోయే వ్యాసార్ధం మీదికి జ్యను దించాలి. జ్యా పాదం నుంచి ఆ రెండో కొన దాకా ఉన్నది శరం. చాపపు రెండు కొనలనూ కలిపితే పూర్ణజ్య. జ్య, శరం, పూర్ణజ్య లంబకోణ త్రిభుజం కనుక, పూర్ణజ్యా వర్గం జ్యావర్గ శరవర్గాల మొత్తం. ఇది మొదటి అడుగు. వెనుక చూపిన న్యాయం వల్ల జ్యావర్గం రెండు శరాల లబ్ధం. కాబట్టి పూర్ణజ్యా వర్గం, చిన్న శరాన్ని రెండు శరాల మొత్తంతో గుణించినది. ఇది రెండో అడుగు. రెండు శరాలూ కలిస్తే వ్యాసం. కాబట్టి పూర్ణజ్యా వర్గం శరాన్ని వ్యాసంతో గుణించినది. ఇది మూడో అడుగు. పూర్ణజ్యలో సగం అర్ధచాపపు జ్య, దాని వర్గం పూర్ణజ్యా వర్గంలో నాలుగో వంతు. కాబట్టి అర్ధచాప జ్యావర్గం, వ్యాసార్ధాన్ని శరంతో గుణించిన దానిలో సగం. ఇది నాలుగో అడుగు.

ఈ న్యాయంతో ఆర్యభటుని పట్టికను మళ్లీ పరీక్షించవచ్చు. 60 డిగ్రీలకు కోటిజ్య 1719, శరమూ 1719. 3438ని 1719తో గుణించి సగం చేస్తే 1719 వర్గమే వస్తుంది. 30 డిగ్రీల జ్యా 1719 అని పట్టికతో సరిపోయింది. ఇక 30 నుంచి 15కు దిగాలి. పట్టిక ప్రకారం కోటిజ్య 2978, శరం 460. న్యాయం ఇచ్చే జ్య 889.2. పట్టికలో నాలుగో జ్య మాత్రం 890. కోటిజ్యను 2977గా తీసుకుంటే శరం 461, జ్య 890.2. పట్టికలోని నాలుగో సంఖ్య, పదహారో సంఖ్య ఒకదానితో ఒకటి పొసగడం లేదనీ, లోపం పదహారో సంఖ్యలోనే ఉందనీ ఈ రెండు లెక్కలు చూపుతాయి. తరువాతి కాలంలో వ్యాసార్ధాన్ని 3437 కలల 44 వికలల 48 తత్పరలుగా సూక్ష్మీకరించిన మాధవ సంప్రదాయపు పట్టికలో ఈ స్థానంలోని విలువ 2977 కలలు, 10 వికలలు దాటి ఉంటుంది. పట్టికలు మారాయి, సూక్ష్మమయ్యాయి. వాటిని సరిదిద్దిన న్యాయం మాత్రం మారలేదు.

7. ఉపపత్తి, వాసన, యుక్తి

నిరూపణకు సంస్కృత గణితంలో మూడు పేర్లు తరచుగా వినిపిస్తాయి: ఉపపత్తి, వాసన, యుక్తి. రెండో భాస్కరుడు 1150 నాటి సిద్ధాంతశిరోమణికి తానే రాసుకున్న వ్యాఖ్య పేరు వాసనాభాష్యం. ఉపపత్తి తెలియని గణకుడు ప్రౌఢసభల్లో రాణించలేడనీ, తన సందేహాలనూ తీర్చుకోలేడనీ గోళాధ్యాయ ప్రారంభంలో ఆయన అభిప్రాయపడ్డాడు. ఈ మాటలో నిరూపణకు రెండు ప్రయోజనాలున్నాయి. ఒకటి సభకు సంబంధించినది, రెండోది ఆత్మకు సంబంధించినది.

రెండు చాపాలు కలిసినప్పుడు వచ్చే జ్యను ‘భావన’ అనే పేరుతో భాస్కరుడు జ్యోత్పత్తిలో చెప్పాడు. కేరళలో 14, 15 శతాబ్దాల మాధవుని పేరిట ఇదే న్యాయం ‘జీవేపరస్పర న్యాయం’గా ప్రసిద్ధం. రెండు జ్యలు ఒకదాని కోటిజ్యతో ఒకటి పరస్పరం గుణించుకొని, వ్యాసార్ధంతో భాగింపబడి, కలుస్తాయన్నది దాని సారం. పేరులోని ‘పరస్పర’ శబ్దమే సూత్రాన్ని జ్ఞాపకం ఉంచుతుంది. దాని హేతువును త్రిభుజ లంబం ద్వారా ఇలా గ్రహించవచ్చు.

వృత్తంలో పక్కపక్కనే రెండు చాపాలు తీసుకోవాలి. వాటి పూర్ణజ్యలు ఒక త్రిభుజానికి రెండు భుజాలు. రెండు చాపాలూ కలిసిన పెద్ద చాపపు పూర్ణజ్య దాని భూమి. శీర్షం నుంచి భూమికి లంబం దించితే భూమి రెండు ఆబాధలుగా విడిపోతుంది. మొదటి భుజం వైపు మూలలో ఏర్పడే లంబకోణ త్రిభుజం, రెండో అర్ధచాపపు జ్యా కోటిజ్యల త్రిభుజానికి సదృశం. ఎందుకంటే ఆ మూల ఎదుట ఉన్నది రెండో చాపం. పరిధి మీది కోణం, అదే చాపానికి కేంద్రంలో ఏర్పడే కోణంలో సగం. కనుక మొదటి ఆబాధ, మొదటి పూర్ణజ్యను రెండో అర్ధచాపపు కోటిజ్యతో గుణించి వ్యాసార్ధంతో భాగించినది. రెండో ఆబాధ దీనికి పరస్పరం. రెండు ఆబాధలూ కలిస్తే భూమి. అన్నింటినీ సగం చేస్తే, అర్ధచాపాల మొత్తానికి జ్య వస్తుంది.

నీలకంఠ సోమయాజి తంత్రసంగ్రహం 1500 ప్రాంతంలో సంస్కృత శ్లోకాల్లో వెలువడింది. సుమారు 1530లో జ్యేష్ఠదేవుడు, ఈ శాస్త్రంలోని యుక్తులను మలయాళ గద్యంలో ‘యుక్తిభాష’గా రాశాడు. భుజాకోటికర్ణ న్యాయాన్ని చతురశ్రాలను కోసి అమర్చే పద్ధతిలో, పరస్పర న్యాయాన్ని క్షేత్రగణితంతో, అనంత శ్రేఢులను అంచెలంచెలుగా అందులో వివరించాడు. గీత గీయమనీ, కొనలు కలపమనీ, ఇప్పుడు పోల్చి చూడమనీ ఆ గద్యం మాటలతోనే నడిపిస్తుంది. దాదాపు అవే యుక్తులను శంకరవారియరు సంస్కృత శ్లోకాల్లో ‘యుక్తిదీపిక’గా చెప్పాడు. ఒకే హేతువుకు ఒకే శతాబ్దంలో రెండు భాషల్లో, రెండు రచనారీతుల్లో రూపం ఏర్పడడం అరుదైన సంఘటన. 1830లలో ఛార్లెస్ విష్ ఈ గ్రంథాల ప్రాముఖ్యాన్ని పాశ్చాత్య పండితుల దృష్టికి తెచ్చాడు. యుక్తిభాష గణిత భాగం 1948లో మలయాళ వ్యాఖ్యతో త్రిస్సూరులో అచ్చయింది. కె.వి. శర్మ ఆంగ్లానువాదం, ముగ్గురు పండితుల వివరణలతో 2008లో వెలువడింది.

8. తెలుగులో నిరూపణ గద్యం

తెలుగులో గణితం పద్యంగా మొదలైంది. మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెనిగించాడు. సాహిత్య చరిత్రకారులలో పలువురు ఆయనను 11వ శతాబ్దికి చెందినవాడిగా భావిస్తారు. అది పాటీగణితం. జ్యాగణితం సిద్ధాంత జ్యోతిషానికి చెందిన శాఖ, దాని భాష సంస్కృతం. శ్రీశైల ప్రాంతంవాడైన యల్లయ 15వ శతాబ్దిలో సూర్యదేవయజ్వ వ్యాఖ్యకు అనుబంధంగా ఆర్యభటీయానికి వ్యాఖ్య రాశాడు. జ్యేష్ఠదేవునికి కొద్ది తరాల ముందువాడైన యల్లయ ఎన్నుకున్న భాష కూడా సంస్కృతమే. తెలుగునేల మీద జ్యాగణితం తెలిసినవారు ఉన్నారు, తెలుగులో గణితపద్యం ఉంది. ఆ రెండూ కలిసిన చోట యుక్తిభాష వంటి గద్యం పుట్టవలసింది.

1748లో ఆయిలర్ వ్యాసార్ధాన్ని ఒకటిగా తీసుకొని సైన్, కొసైన్‌లను బీజగణిత ప్రమేయాలుగా స్థిరపరచిన తరువాత అల్లెత్రాడు పొడవుగా ఉన్న జ్య, నిష్పత్తిగా మారింది. తెలుగు మాధ్యమ బోధనకు చేరింది ఈ రూపమే. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు పాఠ్యగ్రంథాలనూ పారిభాషిక పదకోశాలనూ అందించింది. త్రికోణమితి, సర్వసమీకరణం, కర్ణం వంటి మాటలు తెలుగు తరగతిలో నిలదొక్కుకున్నాయి. పదాల సమస్య చాలావరకు తీరింది. వాక్యాల సమస్య మిగిలింది.

నిరూపణలోని తర్కం నామవాచకాల్లో ఉండదు. ‘కనుక’, ‘కాబట్టి’, ‘ఎందుకంటే’, ‘అయితే’, ‘తప్ప’ అనే అవ్యయాల్లోనూ, చేదర్థక రూపాల్లోనూ ఉంటుంది. ‘తీసివేస్తే మిగులుతుంది’ అన్న వాక్యంలో ‘-తే’ ప్రత్యయం ఒక గణిత సోపానాన్ని మోస్తోంది. ‘శూన్యం కానప్పుడు’ అన్న పదబంధం భాగహారానికి హద్దు గీస్తోంది. పరీక్షపత్రంలో ఇవన్నీ మూడు చుక్కల గుర్తుగా, సమాన చిహ్నంగా కుదించుకుపోయాయి. గుర్తుల వల్ల వేగం వచ్చింది, దీర్ఘగణితం సాధ్యమైంది. అందులో సందేహం లేదు. కానీ ఏ అడుగు త్రిభుజం వల్ల, ఏది బీజగణితం వల్ల, ఏది నిర్వచనం వల్ల అన్న వివేకం గుర్తుల్లో కనపడదు. దాన్ని మాట మాత్రమే చెప్పగలదు.

రెండు పదాల అర్థపరిణామం ఈ సందర్భంలో గమనింపదగినది. నేటి తెలుగులో ‘యుక్తి’ అంటే ఎక్కువగా ఉపాయం, చమత్కారం. ‘వాసన’ అంటే ఘ్రాణానికి సంబంధించినది, లేదా పూర్వజన్మ సంస్కారం. హేతువును చూపడం అన్న గణితార్థం రెండింటికీ వ్యవహారంలో లేదు. సర్వసమీకరణాలను సాధించడానికి ‘ట్రిక్కులు’ నేర్పే శిక్షణ పద్ధతి, ‘యుక్తి’ శబ్దానికి మిగిలిన అర్థంతో సరిగ్గా సరిపోతుంది.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ప్రాథమిక త్రికోణమితి సర్వసమీకరణాలు పరస్పరం సంబంధం లేని సూత్రాలు కావు. వృత్తంలోని ఒకే లంబకోణ త్రిభుజం నుంచి జ్యా కోటిజ్యల న్యాయం, రెండు శరాల న్యాయం, అర్ధచాప న్యాయం వరుసగా వస్తాయి. శంకువు, నీడ ఆ త్రిభుజానికే మరో రూపం. రెండోది, పట్టికతో సరిచూడడం నిరూపణ కాదు. ఆర్యభటుని పట్టికలోని పదహారో జ్యలో ఉన్న లోపాన్ని పట్టి చూపగలిగింది సర్వసమీకరణమే. మూడోది, హేతువును సోపానక్రమంలో చెప్పడానికి భాష కావాలి. ఆ భాషను కేరళ 16వ శతాబ్దిలోనే తన గద్యంలో సాధించుకుంది.

తెలుగు గద్యవికాస చరిత్రల్లో శాసనగద్యం, వచనవాఙ్మయం, వ్యాఖ్యానగద్యం, పత్రికాగద్యం చర్చకు వచ్చినంతగా శాస్త్రనిరూపణ గద్యం రాలేదు. తెలుగు లిపిలోని జ్యోతిష తాళపత్రాల వ్యాఖ్యానభాగాలనూ, తొలి అచ్చు గణితపుస్తకాలనూ, తెలుగు మాధ్యమ పాఠ్యగ్రంథాలనూ ఈ దృష్టితో చదవవలసి ఉంది. ఆ పని తెలుగు శాఖలూ గణితశాఖలూ కలిసి చేయవలసినది. తరగతిగదిలో మాత్రం దీనికోసం వేచి ఉండవలసిన పనిలేదు. సర్వసమీకరణాన్ని గుర్తుల్లో నిరూపించిన విద్యార్థిని, ప్రతి పంక్తి పక్కన ‘ఎందుకంటే’ అని మొదలయ్యే ఒక తెలుగు వాక్యం రాయమని అడిగితే చాలు. ఆ వాక్యం రాయగలిగిన చోట నిరూపణ పూర్తయినట్టు, రాయలేకపోయిన చోట ఏ సోపానం తెగిందో ఉపాధ్యాయునికి తెలిసినట్టు.